ఒంటి చెప్పు

పాత ఇల్లు పడగొడుతున్నామని ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "నీకేమన్న కావాల్నంటే వచ్చి చూసుకో అక్కా, తర్వాత నన్ననకు" అన్నాడు. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు దినాలు నడుస్తున్నాయి. రిటైరయ్యాక నాకు ఖాళీకి కొదవ లేదు కాబట్టి మర్నాడే బస్సెక్కాను.

నేను చేరేసరికి పెంకులు దించేశారు. అటక మీద సామానంతా వాకిట్లో కుప్ప పోసి ఉంది. గాజు పగిలిన కందీలు, అడుగు ఊడిన సత్తు గిన్నెలు, ఇసుర్రాయి పిడి, చెదలు తిన్న పాటల పుస్తకం. కుప్ప అడుగున ఒక గోనెపట్టా మూట కనిపించింది. విప్పానో లేదో వాసన గుప్పున కొట్టింది. తంగెడు చెక్క, సున్నం, ముదిరిన తోలు, ఎప్పటిదో ఆముదం, అన్నీ కలిసిన వాసన. తమ్ముడి కొడుకు ముక్కు మూసుకుని "అత్తమ్మా, అది పారెయ్యండి" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికది చచ్చిన ఎలుక వాసన, నాకు మా తాత వాసన.

మూటలో తోలు కుట్టే ఆరె ఒకటి, తోలు కోసే రంపె ఒకటి, కుడికాలి చెప్పు ఒకటి ఉన్నాయి. చెప్పు కట్టెలా బిగుసుకుపోయింది.

* * *

మా తాత తోలు పని చేసేవాడు. మా వాడ ఊరికి అవతల, వాడ చివర తోళ్ళు ఊరబెట్టే లంద. పచ్చి తోలును సున్నం నీళ్ళలో నానేసి, వెంట్రుకలు గీకి, మళ్ళీ తంగెడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. వర్షాకాలంలో ఆ వాసన మా అన్నంలోకి, కప్పుకునే దుప్పట్లలోకి కూడా వచ్చేది. తాత అరచేతులు ఎప్పుడూ ఇటుకరంగులో ఉండేవి. కాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సున్నం తిని తిని మడమలు ఎండిన చెరువు అడుగులా పగిలి ఉండేవి. ఆ పగుళ్ళలోకి మేము పిల్లలం చింతగింజలు దూర్చి ఆడుకునేవాళ్ళం. ఆయనకు తెలిసేది కూడా కాదు.

అవి బావుల మీద మోటలు కొట్టే రోజులు. మోటకు తోలు తొండం, అది చినిగితే మా తాత. కూలి అంటూ చేతికి వచ్చేది లేదు, కోతలప్పుడు కళ్లం మీద ఇన్ని గింజలు పోసేవారు. గొడ్డు చస్తే కబురొచ్చేది, ఎత్తుకొచ్చుకోవాలి. దొర ఉండే గడికి మాత్రం ఏడాదికి ఇన్ని జతలని చెప్పులు ఊరికే కుట్టి ఇవ్వాలి. పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన అయిపోయి, వెట్టి పోయిందని కాగితాల్లో రాసుకుని చాలా ఏళ్ళయినా మా ఊళ్ళో అది పోయినట్టు మాకెవరూ చెప్పలేదు.

గడి దొరకు కిర్రుచెప్పులు కావాలి. నడుస్తుంటే కిర్రు కిర్రుమనాలి. ఆ చప్పుడు రావడానికి అట్టల మధ్య తాత ఏదో మర్మం పెట్టేవాడు. అడిగితే నవ్వేవాడే గాని చెప్పేవాడు కాదు. దొర గడి దాటి బయటికి వస్తే మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. అరుగుల మీదున్నవాళ్ళు దిగిపోయేవారు. తాత తను కుట్టిన చప్పుడుకే తను లేచి నిలబడి, తల రుమాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనేవాడు. ఆ మాటలో అర్థం ఏమైనా ఉంటుందని నాకు చాలా రోజుల వరకు తెలియదు. అది తాతకు దగ్గులాగా ఒక అలవాటు అనుకునేదాన్ని.

ఊళ్ళోకి పోవాలంటే మా వాడ వాళ్ళెవరూ చెప్పులు వేసుకోకూడదు. ఉన్నవాళ్ళు చేతపట్టుకుని నడిచేవారు. తాతకా ఇబ్బంది లేదు, ఆయనకసలు చెప్పులే లేవు. ఊరి కాళ్ళన్నిటి కొలతలూ తెలుసు, ఎవరికి కుడికాలు అరంగుళం పెద్దో కూడా తెలుసు. తన కాలు కొలత మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు.

ఇంకో సంగతి. ఊళ్ళో తాత పేరు చివర "గా" తప్ప "అయ్య" వినిపించేది కాదు. పాలు తాగే వయసు దాటిన ప్రతి పిల్లవాడూ ఆయన్ను "ఒరేయ్" అనేవాడు. మా చర్చిని మేము గుడి అనేవాళ్ళం. ఆ గుళ్ళో మాత్రం పంతులు, బాప్తిస్మంలో పెట్టిన పేరుతో, చివర "గారు" అని చేర్చి పిలిచేవాడు. యేసు శిష్యుల్లో ఒకరి పేరది. మొదట్లో అలా పిలిచినప్పుడల్లా తాత వెనక్కి తిరిగి చూసేవాడట, ఎవరినో పిలుస్తున్నారని. ఈ మాట నాయనమ్మ చెప్పి నవ్వేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

* * *

మా గుడి అంటే ఒక్క గది. మట్టి గోడలు, పెంకులు. గంట లేదు. వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది, దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేవారు. శనివారం రాత్రి నాయనమ్మ పేడతో అలికేది. ఆదివారం కూర్చుంటే ఇంకా తడి వాసన వచ్చేది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. పంతులు బడి పంతులే, ప్రసంగం కూడా ఆయనే. ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడానికి మాత్రం రెండు మూడు నెలలకోసారి, కొన్ని ఊళ్ళ గుళ్ళకు కలిపి ఉండే పాస్టరేట్ అయ్యగారు సైకిలు మీద వచ్చేవారు.

గుళ్ళోకి రాగానే ఎవరికెవరైనా "వందనాలు" అనాలి. పిల్లలకు పెద్దలు కూడా అనేవారు. నాకు ఈ ఆట బాగా నచ్చేది. నేను తాతకు వందనాలంటే తాత నాకు వందనాలనేవాడు. బయట ఆయన నోట్లోంచి వచ్చే పలకరింపుకు తిరుగు జవాబు ఉండదు. ఇక్కడ ఉండేది.

అలాగని లోపలంతా పరలోకం అనుకోవద్దు. ముందు చాప మీద మాల వాడ నుంచి వచ్చే కుటుంబాలు, వెనక చాప మీద మేము. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ చెప్పలేదు. ప్రభు భోజనం గిన్నె ఒకటే, కానీ ఎవరు ముందు తాగాలన్న దానికి ఒక వరుస ఉండేది. తొలిరోజుల్లో మా తర్వాత తాగేది లేదని కొందరు లేచి వెళ్ళిపోయారని నాయనమ్మ చెప్పేది. తొక్కబడ్డవాళ్ళలో కూడా మెట్లుంటాయి. పై మెట్టు దక్కనివాడికి తన కింద ఒక మెట్టుండడం ఎంత ఊరటో, ఆ మెట్టు మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఒకసారి పంతులు విందు ఉపమానం చెప్పాడు. పెళ్ళి విందుకు పిలిస్తే పోయి అగ్రపీఠం మీద కూర్చోవద్దు, కడపటి చోట కూర్చో, పిలిచినవాడు వచ్చి "స్నేహితుడా, పై చోటికి పొమ్ము" అంటాడు, తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును అని. ప్రసంగమయ్యాక ప్రయోగం చేద్దామనుకున్నాడేమో, "వెనక ఉన్నవాళ్ళు ముందుకు రండి" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. ముందున్నవాళ్ళు మూతులు బిగించారు. వెనకున్న మావాళ్ళకు కూడా రావాలని లేదు. కారణం చాలా చిన్నది. వెనక గోడ ఉంది, ఆనుకుని కూర్చోవచ్చు. ముందు చాప మీద నడుం నిటారుగా పెట్టుకుని గంటన్నర కూర్చోవాలి. "కడపటి చోటే మంచిగున్నది పంతులూ" అని తాత అన్నాడు. గుడంతా నవ్వింది. పంతులు కూడా నవ్వాడు. అయినా ఆ మాటలో ఒక చిన్న ముల్లుంది. తగ్గించుకోమని చెప్తే తగ్గించుకోవడానికి మా దగ్గర ఏం మిగిలిందని? దిగేవాడికి ముందు ఒక మెట్టుండాలి కదా.

నాయనమ్మకు చదువు రాదు. కానీ యేసు కడుపులో ఉండగా ఆయన తల్లి పాడిన మరియమ్మ పాట మొత్తం నోటికొచ్చు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారాల్లో పంతులు చదివి చదివి పట్టించాడు. తెల్లవారుజామున ఇసుర్రాయి తిప్పుతూ, జొన్నలు పోస్తూ, ఆ చీకట్లో ఆమె గొంతు: "సింహాసనముల నుండి బలవంతులను పడద్రోసి, దీనుల నెక్కించెను." "పడద్రోసి" దగ్గర రాయి ఒక చుట్టు గట్టిగా తిరిగేది. "ధనవంతులను వట్టిచేతులతో పంపివేసెను" అన్న చోట పిడికెడు జొన్నలు ఎక్కువ పోసేది. ఒకరోజు గడి జీతగాడు ఏదో పని మీద పొద్దున్నే వాకిట్లోకి వచ్చాడు. నాయనమ్మ అదే పాటలో ఉంది. "బలవంతులను" దాకా వచ్చిన పాట అక్కడే ఆగి, తడబడకుండా వేరే కీర్తనలోకి మళ్ళింది. అతను పోయాక మళ్ళీ ఆగిన చోటి నుంచే ఎత్తుకుంది. ఆ పొద్దున్నే నాకు ఒకటి తెలిసింది. ఇది మామూలు పాట కాదు, ఎవరి ముందు పాడుతున్నామో చూసుకోవాల్సిన పాట.

మట్టల ఆదివారం నాడు మాకు ఇంకో అనుమానం. రాజైన యేసు ఆ రోజు గాడిద మీద ఊళ్ళోకి వచ్చాడంటే నమ్మబుద్ధి కాలేదు. మా ఊళ్ళో గాడిదలు చాకలివాళ్ళవి. దొరకు జీపుంది. "గాడిదెందుకు పంతులూ, గుర్రం దొరకలేదా?" అని మా తమ్ముడు అడిగాడు. "గుర్రం మీద వస్తే మీ తాత రుమాలు తియ్యాల్సి వస్తది కదరా" అన్నాడు పంతులు. బడి పంతుళ్ళలో ఇలాంటివాళ్ళు అప్పుడుండేవారు.

* * *

ఏడాదికోసారి క్రిస్మస్‌కు మెదక్ పెద్ద చర్చికి పోయేవాళ్ళం. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సు. సద్ది మూటలు, దుప్పట్లు, పసిపిల్లలు. రాత్రికి ఆవరణలోనే, చెట్ల కింద నిద్ర. ఎటు చూసినా పొయ్యిల పొగ, దూరం ఊళ్ళ చుట్టాలు. తెల్లారగట్ల మంచులో తల పైకెత్తితే ఆ శిఖరం. 170 అడుగులకు పైనే ఎత్తంటారు. మా గుడి లాంటివి ఒకదాని మీద ఒకటి ఎన్ని పెడితే అంత అవుతుందో లెక్క పెట్టేవాళ్ళం.

దాన్ని కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ. 1914లో పని మొదలై, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజులు. ఊరికే గింజలు పంచితే బిచ్చం అవుతుందని, పని పెట్టి కూలిగా గింజలిచ్చారు. రాళ్ళు, మట్టి, సున్నం మోసినవాళ్ళలో మా నాయనమ్మ వాళ్ళమ్మ కూడా ఉంది. ఏటా అక్కడికి పోగానే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక స్తంభం దగ్గర నిలబెట్టి "ఇగో, ఈ రాయి మా అవ్వ మోసింది" అని నిమిరేది. ఏటా వేరే స్తంభం. నాకు లెక్కలు తెలిసే వయసొచ్చాక "పోయినేడు అది చూపించినవు కదా" అని అడిగాను. "అన్నీ మా అవ్వే మోసింది" అంది కోపంగా.

ఆ తెల్లాయన్ని కూడా మావాళ్ళు "పాస్నెట్ దొర" అనే అనేవారు. పెద్దవాణ్ని పిలవడానికి మా దగ్గర ఉన్న మాట అదొక్కటే.

లోపల మూడు పక్కలా రంగు అద్దాల కిటికీలు. ఒకటి క్రీస్తు పుట్టుక, ఒకటి సిలువ, ఒకటి పరలోకానికి ఎక్కిపోవడం. వెలుతురు బయటి నుంచి వస్తేనే రంగులు. రాత్రి దీపాలు పెట్టినా అవి నల్లగానే ఉంటాయి. మా పంతులు ఆ మూడింటినీ చూపించి, క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్నాడని చెప్పే ఫిలిప్పీ పత్రిక వాక్యం చెప్పాడు. "మొదటిది దిగుడు. రెండోది ఇంకా దిగుడు. మూడోది ఎక్కుడు. ఎక్కుడు గురించి మీకు తొందరుంటది, తప్పులేదు. గానీ ఆయన పశువుల పాక దాకా దిగి వచ్చిండు, అది చూడుండ్రి. పశువుల పాక సంగతి మనకంటె ఎవలకు ఎక్కువ తెలుసు?" అన్నాడు. తాత సున్నం మరకల చేతులతో దండం పెట్టుకుని ఆ మొదటి కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. బొమ్మలో పశువుల తోలు ఎలా ఉందో చూస్తున్నాడని నాయనమ్మ వెక్కిరించింది.

* * *

ఇక చెప్పాలనుకున్నది చెబుతాను.

నేను ఐదో ఆరో తరగతిలో ఉండగా కొత్త అయ్యగారు వచ్చారు. సెమినరీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రవాడు, మీసం కూడా సరిగా రాలేదు. ఆయన మాల కుటుంబం వారని ఊరందరికీ వచ్చిన రోజే తెలుసు. మన దగ్గర మనిషి దిగకముందే కులం దిగుతుంది. ఆ ఏడు మాండీ థర్స్‌డే నాడు, అంటే యేసు తన శిష్యుల పాదాలు కడిగిన గురువారం నాడు, రాత్రి ఆరాధనలో పన్నెండు మంది పాదాలు కడుగుతానని చెప్పారు. మా సంఘంలో అంతకుముందు ఆ ఆచారం లేదు. పన్నెండు పేర్లు ఆయనే రాశారు. ముందు చాప నుంచి ఆరు, వెనక చాప నుంచి ఆరు. మొదటి పేరు మా తాతది.

ఆ వారమంతా ఇంట్లో టెన్షన్. నాయనమ్మ తాతను వాకిట్లో కూర్చోబెట్టి, ఇటుక ముక్కతో మడమలు రుద్దింది. పగుళ్ళలో ఆముదం పోసింది. "అయ్యగారు కడుగుతడంటివి, నువ్వే కడుగుతుంటివి" అని తాత గోల. నాయనమ్మ ఒప్పుకోలేదు. గురువారం సాయంత్రానికి చూస్తే పన్నెండిళ్ళలోనూ ఇదే తంతు నడిచింది. పన్నెండు మందీ శుభ్రంగా కడిగిన కాళ్ళతో, కాళ్ళు కడిగించుకోవడానికి వచ్చారు.

పెట్రోమాక్స్ లైటు సూ అని మోగుతోంది. పన్నెండు మంది బెంచీ మీద కూర్చున్నారు. బడిలోంచి తెచ్చిన బెంచీ. మా తాత బెంచీ మీద కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడడం. సగమే కూర్చున్నాడు, అంచు మీద. ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా. అయ్యగారు తెల్ల అంగీ తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, ఇత్తడి పళ్ళెంతో, చెంబుతో తాత ముందుకొచ్చి నేల మీద మోకరించారు. అందాకా బాగానే ఉంది. ఆయన చెయ్యి చాపి తాత కుడికాలు పట్టుకోబోయారు.

తాత కాళ్ళు బెంచీ కిందికి లాగేసుకున్నాడు. చెమటలు కారుతున్నాయి. రెండు చేతులూ జోడించి, "ఒద్దయ్యా. నీ బాంచెన్, నీ కాల్మొక్త, నా కాళ్ళు ముట్టకు" అన్నాడు.

గుడి మొత్తం నిశ్శబ్దం. లైటు చప్పుడు ఒకటే. పంతులు సువార్త పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, చదవాల్సిన వాక్యం అదే. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అని పేతురు అన్న మాట. కానీ చదవలేదు. నాకు తర్వాత చెప్పాడు, గొంతు రాలేదమ్మా అని. పేతురు ఎందుకన్నాడో నాకు తెలియదు, పెద్దవాళ్ళు దానికి చాలా అర్థాలు చెబుతారు. మా తాత మాత్రం వినయంతో అనలేదు. భయంతో అన్నాడు. పెద్దమనిషి కిందికి వంగితే ఆ తర్వాత ఏదో జరుగుతుందని ఆయన ఒంటికి తెలుసు.

అయ్యగారు ఏం మాట్లాడలేదు. లేవలేదు కూడా. అలాగే మోకాళ్ళ మీద, తల వంచుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపో చెప్పలేను. చిన్నపిల్లకు అది గంట. కూర్చున్న వరుసలో ఒకరు దగ్గారు. ముందు చాప మీద నుంచి ఒక పెద్దాయన లేచి, రుమాలు దులిపి బయటికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి మెల్లగా, "పెట్టు, పాపం ఆ పిల్లగాని మోకాళ్ళు నొస్తలేవా" అంది.

అప్పుడు తాత కాలు బయటికి పెట్టాడు.

నీళ్ళు పోసిన చప్పుడు నాకింకా గుర్తుంది. అయ్యగారు తొందరపడలేదు. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, అన్నీ తడిమి కడిగారు. నాయనమ్మ అంత రుద్దినా పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. తంగెడు రంగు పోలేదు. తువాలుతో ఒత్తి తుడిచి, వంగి ఆ కాలిని ముద్దు పెట్టుకున్నారు. తాత కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు పీకించుకుంటున్నవాడిలా కూర్చున్నాడు.

* * *

మర్నాడు గుడ్ ఫ్రైడే. పొద్దున్నే గడి నుంచి కబురు, బర్రె చచ్చిందని. తాత ఎప్పటిలాగే పోయాడు, ఎప్పటిలాగే రుమాలు తీశాడు, ఎప్పటి మాటే అన్నాడు. మూడు గంటల ఆరాధనకు ఆలస్యంగా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు చాప మీద రెండు కుటుంబాలు తగ్గాయి. "ఆ చేతులతోటి రొట్టె ఎట్ల తీసుకుంటం" అన్నారని తెలిసింది. కొన్ని నెలలకు ఒక కుటుంబం తిరిగొచ్చింది, ఇంకొకటి రాలేదు.

ఒక్కటి మాత్రం జరిగింది. ఆ వానాకాలంలో తాత తనకోసం ఒక జత చెప్పులు కుట్టుకున్నాడు. నేను చూస్తుండగానే గోనెపట్టా మీద కాలు పెట్టి, బొగ్గుతో చుట్టూ గీసుకున్నాడు. గీస్తూ "నాది ఇంత పెద్దదా" అన్నాడు. ఆ చెప్పులు ఊళ్ళోకి వేసుకుపోలేదు. ఆదివారం నాడు ఇంటి నుంచి గుడి దాకా, గుడి నుంచి ఇంటి దాకా. నూట యాభై అడుగులుంటుందేమో. మొదటి ఆదివారం వేసుకుని బయల్దేరాడు. కిర్రు. కిర్రు. కిర్రు.

వాడ వాడంతా బయటికొచ్చింది. నాయనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఆ చప్పుడెందుకు పెట్టినవయ్యా, దొర లెక్క!" అంది. సంఘపెద్దల్లో ఒకరు అయ్యగారి దగ్గర ఫిర్యాదు కూడా చేశారు, ఈయనకు తగ్గింపు స్వభావం లేదు, గుడి గుమ్మం దాకా చెప్పుల చప్పుడేంది అని. అయ్యగారు విన్నారు, నవ్వారు, మళ్ళీ వారం గుమ్మం దగ్గరే నిలబడి ఆ చప్పుడు దగ్గరికొచ్చేదాకా ప్రార్థన మొదలుపెట్టలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమనలేదు. అంతే, అంతకుమించి ఏమీ జరగలేదు. ఊరు మారలేదు. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చాక, మోటల స్థానంలో కరెంటు మోటార్లు, తోలు చెప్పుల స్థానంలో హవాయి చెప్పులు వచ్చాక, లంద దానంతటదే ఎండిపోయింది.

* * *

మా నాయిన నన్ను బడిలో వేసినప్పుడు రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు రాయించాడు, క్రైస్తవులమని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వస్తే ఎస్సీ కాదు. మన రాష్ట్రంలో బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ రిజర్వేషన్ పోకుండా మా చిన్నాయన పిల్లలకు బడి పేరొకటి, బాప్తిస్మం పేరొకటి. ఇద్దరిలో ఎవరు చేసింది రైటో నేను చెప్పను. ఆకలి తెలిసినవాళ్ళు చెప్పరు. తగ్గించుకున్నవాణ్ని హెచ్చిస్తానని ప్రభువు అన్నాడు గాని ప్రభుత్వం అనలేదని మా చిన్నాయన జోకు.

ఆ 1 శాతంలోనే ఈది నర్సు ట్రైనింగులో చేరాను. ముప్ఫై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేశాను. ఎన్ని కాళ్ళు కడిగి ఉంటానో లెక్కలేదు. షుగరు పుళ్ళ కాళ్ళు, కాలిన కాళ్ళు, శవాల కాళ్ళు. దాన్ని నేనెప్పుడూ వినయం అనుకోలేదు, అది డ్యూటీ. ఒకసారి ఒక పెద్దామె, కాలు విరిగి వచ్చింది, నేను స్పాంజి చేస్తుంటే ఒళ్ళంతా చేయించుకుని, మంచినీళ్ళు అందించేసరికి "మీరెవలమ్మా?" అని అడిగింది. ఏమడుగుతోందో తెలుసు. చెప్పాను. గ్లాసు పక్కన పెట్టి, కూతురు వచ్చాక తాగుతానంది. మడమ దాకా పనికొచ్చిన చెయ్యి పెదవి దాకా పనికిరాలేదు. కోపం రాలేదని చెబితే అబద్ధం. ఆ రాత్రి హాస్టల్‌లో ఒంటరిగా నాయనమ్మ పాట పాడుకున్నాను, "పడద్రోసి" దగ్గర గట్టిగా.

* * *

ఇల్లు చూసుకున్నాక సాయంత్రం ఎలాగూ ఆరాధన ఉంది కదా అని గుడికి వెళ్ళాను. ఇప్పుడది స్లాబు వేసిన పెద్ద గుడి. టైల్స్, మైకులు, ఫ్యాన్లు. గోడ మీద గ్రానైట్ పలక, చందాలిచ్చినవాళ్ళ పేర్లు, పెద్ద మొత్తాలు పైన, చిన్నవి కింద. చాపలు లేవు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అన్నిటికంటే ముందు, తెల్ల తువాళ్ళు పరిచిన నాలుగు కుర్చీలు. నన్ను చూసి సంఘపెద్ద ఒకాయన ఎదురొచ్చి "మేడమ్, మీరిక్కడ" అని ఆ తువాలు కుర్చీ చూపించారు. శాలువా కూడా తెచ్చారు.

గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నా చిన్నప్పటి దోస్తు కూర్చుని ఉంది. ఇద్దరం ఒకే పలక మీద రాసినవాళ్ళం. ఇప్పుడు పంచాయతీలో ఊడ్చే పని. పని చీరతోనే వచ్చింది. "లోపలికి రావే" అన్నాను. "ఈడ గాలొస్తది, నువ్వు పో" అంది.

నేను పోయాను. తువాలు కుర్చీలోనే కూర్చున్నాను. చేతికి మా అమ్మాయి కొనిచ్చిన ఉంగరం ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి స్థలం, మురికి బట్టలవాడు వస్తే పాదపీఠం దగ్గర అని బైబిల్లో యాకోబు రాసింది నేను ఎన్నిసార్లు చదివానో. లేచి వెనక్కి వెళ్ళి దానితోపాటు కింద కూర్చోవచ్చు. అలా చేశానని ఇక్కడ రాసుకోవచ్చు కూడా, ఎవరు చూడొచ్చారు? కూర్చోలేదు. మోకాళ్ళ నొప్పులని నాకు నేను చెప్పుకున్నాను. నొప్పులు నిజమే.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు మా అమ్మాయికి వచ్చిన సంబంధం సంగతి ఎత్తాడు. అబ్బాయి ఇంజనీరు, మంచి కుటుంబం, మన సీఎస్ఐ చర్చి వాళ్ళే అన్నాను. "అది సరే. మనోళ్ళేనా, వాళ్ళా?" అన్నాడు. అయ్యగారు మా తాత ముందు మోకరించిన రాత్రి వీడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

* * *

ఆ అయ్యగారు మళ్ళీ ఎక్కడికి బదిలీ అయ్యారో, ఏమయ్యారో మాకు తెలియలేదు. తాత పోయినప్పుడు చెప్పులు కూడా పెట్టెలో పెడదామన్నాడు నాయిన. నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆడ చెప్పులెందుకు, అంతా మంచి నేలే ఉంటదట" అంది. గుమ్మం బయట పెట్టింది. ఆదివారం వస్తే వాటికి ఆముదం రాసేది. ఒకరోజు ఎడమకాలిది కుక్క ఎత్తుకుపోయింది. వాడంతా వెతికించింది, దొరకలేదు. కుక్కను తిట్టిన తిట్లు చూస్తే మరియమ్మ పాట పాడిన నోరేనా అనిపించేది. మిగిలిన దాన్ని గోనెపట్టాలో చుట్టి అటకెక్కించింది.

దాన్ని హైదరాబాద్ తెచ్చుకున్నాను. మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో, మూకుడులో ఆముదం పోసి నానేశాను. వాసన వస్తోందని పక్క ఫ్లాటావిడ ఒకసారి, మా అమ్మాయి రెండుసార్లు అన్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి వేలితో నొక్కి చూస్తున్నాను. అట్టల మధ్య తాత పెట్టిన మర్మం ఇంకా ఉందో లేదో, వంచితే గాని తెలియదు. ఇప్పుడే వంచితే విరిగిపోతుంది. పన్నెండు రోజులైంది. మడమ దగ్గర కొంచెం మెత్తబడింది.